పడమటి గట్టు

జులై 15, సోమవారం

చేరాను. కంపెనీ నంద్యాల ఆఫీసు పాత రైసుమిల్లు వెనక ఉంది. కింద విత్తనాల గోడౌను, పైన మేము. పొద్దుటినుంచి వీడియోలో పరిచయాలు. ట్రైనీల ప్రోగ్రాంలో మొత్తం పదమూడు మందిమి, తొమ్మిది దేశాల వాళ్లం. రెండేళ్లలో నాలుగు చోట్ల పని నేర్పిస్తారు. నాకు మొదటి ఎనిమిది నెలలు ఇక్కడే, పత్తి విత్తనోత్పత్తిలో. ఏప్రిల్ నుంచి టర్కీలో అదానా అనే ఊరు.

ఒక్కొక్కరూ తమ గురించి ఒక్క నిమిషం చెప్పాలన్నారు. అగ్రికల్చర్ బీఎస్సీ అని చెప్పాను, గోల్డ్ మెడల్ సంగతి చెప్పాను. మా అమ్మ ఇరవై ఏళ్లుగా పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోతోందని చెప్పలేదు. నిమిషం అయిపోయింది.

వారానికొకసారి వాళ్ల వెబ్‌సైటులో ఇంగ్లీషులో డైరీ రాయాలట. ఏం నేర్చుకున్నాం, ఏం అనిపించింది అని. దాన్ని మెంటర్ చదువుతుంది. అందుకని ఇది వేరే పెట్టుకున్నాను.

ఆగస్టు 15

మెంటర్ పేరు ఎలిఫ్. అదానాలోనే ఉంటారు. ప్రతి గురువారం మాట్లాడాలి. వాళ్ల దేశంలో పత్తికి చేత్తో క్రాసింగ్ చేయరట, ఎలా చేస్తారో చెప్పమన్నారు. సాయంత్రం ఆడవాళ్లు ఆడ మొక్కల మొగ్గలు వలుస్తారని, లోపలి పుప్పొడి భాగాన్ని గోటితో తీసేసి ఎర్రకాగితం తొడుగుతారని, మర్నాడు పొద్దున మగ మొక్కల పూలు తెచ్చి రుద్దుతారని చెప్పాను. చేనుకు ముప్పై మీటర్ల లోపల వేరే పత్తి ఉండకూడదని, ఉంటే తేనెటీగలు ఆ పుప్పొడి తెచ్చి కలిపేస్తాయని కూడా చెప్పాను. ఇంత చక్కగా నీకెలా తెలుసు అన్నారు. చదువుకున్నాను అన్నాను.

ఆగస్టు 21

ఆళ్లగడ్డ దగ్గర దాదా ఖలందర్ అనే రైతు చేనికి వెళ్లాం. క్రాసింగ్ పదహారు మంది ఆడవాళ్లు చేస్తున్నారు. వాళ్ల మేస్త్రి సాజిదా. యాభై ఏళ్లుంటాయి. నన్ను ఎగాదిగా చూసి, "హన్నమ్మ బిడ్డవు గదమ్మా నువ్వు" అంది. అవునని చెప్పి ట్యాబులో ఏదో చూసుకున్నాను. పక్కన మేనేజర్ ప్రేమ్ సాగర్ సార్ ఉన్నారు. ఆయన విననట్టే ఉన్నారు.

సెప్టెంబరు 5, గురువారం

ఆళ్లగడ్డ వైపు ఐదు చేలు తనిఖీ. ఐదూ పూర్తి చేశాను. రాత్రి వానకు రేగడి అంటుకుని చెప్పులు లేవడం లేదు, చేత్తో పట్టుకుని నడిచాను. చివరిది దాదా ఖలందర్ గారిది. నాలుగు వైపులా తిరిగి చూశాను. ముప్పై మీటర్లలో వేరే పత్తి లేదు. నాలుగు గట్ల ఫోటోలు ట్యాబులో పెట్టాను. అంతా చూశాను.

రెండున్నరకు పదమూడు మందికీ కలిపి కాల్. అక్కడ సిగ్నల్ లేదు, ఆళ్లగడ్డ బస్టాండు దాకా రావాలి. సరిగ్గా టైముకు అందుకున్నాను. పెద్ద డైరెక్టరు నా పేరు తప్పు లేకుండా పలికాడు. వేరే వాళ్ల పేర్లన్నిటి దగ్గరా తడబడ్డాడు.

సెప్టెంబరు 6

ఐదు రిపోర్టులూ ప్రేమ్ సాగర్ సార్ ఆమోదించారు. నాలుగు వైపులా చూశాను కదా.

సెప్టెంబరు 26

ఎలిఫ్ గారు నా రిపోర్టులు అందరికంటే శుభ్రంగా ఉన్నాయన్నారు. అమ్మకు చెబితే, శుభ్రం అంటే ఏంది అని అడిగింది. ఖాళీలు లేకుండా నింపడం అన్నాను.

అక్టోబరు 17

సార్‌తో జీపులో ఆళ్లగడ్డ. దాదా ఖలందర్ గారి చేను దగ్గర ఆపారు. దూరం సంగతి మొదటి తనిఖీలోనే చూస్తారు, ఇప్పుడు చూసేది కాయ. సార్ దిగారు. నాకు ల్యాప్‌టాపులో పని ఉండి జీపులోనే కూర్చున్నాను. నిజంగానే పని ఉంది.

డిసెంబరు 15, ఆదివారం

చర్చిలో పాస్టరుగారు నా పేరు చెప్పి టర్కీ ప్రయాణం కోసం ప్రార్థన చేయించారు. ఇంకా నాలుగు నెలలుంది. అమ్మే చెప్పి ఉంటుంది. బయటికి వచ్చాక కమలాక్షమ్మ టీచరు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాకు మూడో తరగతిలో చెప్పిన టీచరు. "మన పిల్లల్లో నువ్వే మొదలు" అంది. ఇంటికొచ్చి పడుకున్నాను.

జనవరి 20

పాస్‌పోర్టు వచ్చింది.

ఫిబ్రవరి 24, సోమవారం

పరీక్ష పొలం నుంచి ఫలితాలు వచ్చాయి. ప్రతి రైతు విత్తనంలోంచి కొన్ని గింజలు అక్కడ నాటి, మొలిచిన మొక్కలు అనుకున్న రకమేనా అని చూస్తారు. ఇరవై ఏడు మందిలో ఇరవై ఆరుగురివి పాస్. దాదా ఖలందర్ గారిది ఫెయిల్. నూటికి పద్దెనిమిది మొక్కలు వేరే.

ఫోటోలు పంపారు. బెండాకులాగా సగం చీలిన ఆకులు. మేమిచ్చిన తల్లి రకానికీ తండ్రి రకానికీ వెడల్పాటి ఆకులు. వలవడంలో పొరపాటు జరిగితే మొక్కలు తల్లి పోలికలో వస్తాయి. ఇవి తల్లీ కాదు, తండ్రీ కాదు.

తలనొప్పిగా ఉందని ఇంటికి వచ్చేశాను.

ఫిబ్రవరి 25

సార్ కారణాల నివేదిక రాశారు. కారణం: క్రాసింగ్ కూలీల నిర్లక్ష్యం. సిఫార్సు: విత్తనం తీసుకోకూడదు. రైతు పేరు మా జాబితాలోంచి తీసేయాలి. సాజిదా ముఠాను ఇక మీదట ఏ చేనులోనూ పెట్టకూడదు, ఆ సంగతి మిగతా ఆఫీసులకు కూడా తెలపాలి.

కింద ట్రైనీ సంతకం అని ఒక గడి ఉంది. సార్ కాగితం నా వైపు జరిపారు. పెట్టాను. చదివినట్టు సంతకం, అంతే. కారణం నేను రాయలేదు.

ఫిబ్రవరి 27, గురువారం

మార్చి 13న అందరూ ఒక ప్రజెంటేషన్ ఇవ్వాలి. "నేను చేసిన ఒక తప్పు, దానినుంచి నేర్చుకున్నది." ఇది బాగా చేసినవాళ్లకు తర్వాత కోరుకున్న చోట పోస్టింగ్ వస్తుందట. చేరిన కొత్తలో ఎకరాలను హెక్టార్లలోకి మార్చడంలో పొరపాటు పడి, ఒక రైతు చేనును రెండున్నర రెట్లు చేసి చూపించాను. దాన్ని తీసుకున్నాను. పదకొండు స్లైడ్లు వచ్చాయి. ఎలిఫ్ గారు నవ్వారు, బాగుందన్నారు.

మార్చి 1

దాదా ఖలందర్ గారినుంచి మూడు ఫోన్లు. మీటింగులో ఉన్నాను.

మీటింగు నాలుగింటికే అయిపోయింది.

మార్చి 2, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. నాయన బస్సు డ్యూటీలో ఉన్నాడు. ఆళ్లగడ్డ ముఠా చేను పాడు చేసిందని మాట మా ఊరు బండి ఆత్మకూరు దాకా వచ్చిందట. అమ్మతో పనికి పోయే వాళ్లు చర్చిలో చెప్పారట.

"సాజిదా వలిస్తే పొల్లు పోదు. ఆ ఆకు ఎట్లుండాది?" అని అడిగింది.

సగం చీలి ఉంది అన్నాను.

అమ్మ చేతిలో కాయ అలాగే ఉంది. "అట్లయితే అది వలిసినోళ్లది కాదు గదే. పక్క చేను పూది. ముందు చేను చూసింది ఎవరు?"

చాలామంది చూస్తారమ్మా అన్నాను. అమ్మ కాయలు ఒలవడం అయ్యాక కూడా అక్కడే కూర్చుని ఉంది.

మార్చి 4

సెప్టెంబరు 5న ఏం రాశానో తీసి చదివాను. నాలుగు వైపులా తిరిగి చూశాను అని ఉంది. మర్నాడు మళ్లీ అదే రాశాను. ఈ పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ చదవరు. అయినా అబద్ధమే రాశాను.

జరిగింది ఇది. ఆ చేనికి చేరేసరికి ఒంటిగంట దాటింది. కాల్ రెండున్నరకు. తూర్పు గట్టు మీద నిలబడి ఆ వైపు చూశాను. ఉత్తరం, దక్షిణం అక్కడినుంచే కనిపించాయి. పడమటి వైపు వంక ఉంది, వాన నీళ్లు మోకాటి దాకా పారుతున్నాయి. వంక అవతల ఏముందో పైరు అడ్డం ఉండి కనిపించదు. దాదా ఖలందర్ గారు వెనకే వచ్చారు. అవతల అక్బర్ పత్తి వేశాడు, చూసి పొమ్మన్నారు. విన్నాను. టైము లేదన్నాను. నిలబడ్డ చోటే నాలుగు దిక్కులకూ తిరిగి నాలుగు ఫోటోలు తీశాను. ట్యాబు "పడమర: పక్క పైరు ఏది?" అని అడిగింది. జొన్న అని నొక్కాను.

జొన్న అని ఎందుకు నొక్కానో తెలియదు. ఏదో ఒకటి నొక్కితే గానీ అది ముందుకు పోదు.

మార్చి 5

సాజిదా ఆఫీసుకు వచ్చింది. వెంట షంషాద్ అనే అమ్మాయి కూడా ఉంది, ముఠాలో కాస్త చదువుకున్నది తనే. సార్ గది తలుపు తెరిచే ఉంది. నా కుర్చీ బయట.

మూడు నెలలు సాయంత్రమూ పొద్దునా ఆ చేనులో వంగి పని చేశామని, తప్పు ఎక్కడ పట్టుకున్నారో చూపించమని సాజిదా అడిగింది. పరీక్షలో తేలిందని సార్ చెప్పారు. ఆ పరీక్ష మాకూ చూపించమంది. అది బయటివాళ్లకు చూపించకూడదు అన్నారు. గట్టిగా ఎవరూ మాట్లాడలేదు. వెళ్తూ సాజిదా నా దగ్గర ఆగింది.

"ఉగాదికి అందరూ మేస్త్రీలను మాట్లాడుకుంటాండారు. మమ్మల్ని పిలిచినోళ్లు లేరు. మీ అమ్మను అడుగు, ఈ పనిలో పేరు పోతే ఏమైతాదో."

తల ఊపాను. మెట్లు దిగుతున్న చప్పుడు ఆగేదాకా కంప్యూటరు వైపే చూస్తూ కూర్చున్నాను.

మార్చి 6

ఎలిఫ్ గారి కాల్ రద్దు చేసుకున్నాను. జ్వరం అని రాశాను. జ్వరం లేదు.

మార్చి 7

సార్‌తో మాట్లాడాను. మొగ్గ వలిచినవాళ్ల తప్పు కాదు సార్, ఆకు చూస్తేనే తెలుస్తుంది అన్నాను. ఆయన లేచి తలుపు మూశారు. పాణ్యం మనిషి, పదిహేనేళ్ల సర్వీసు, ఇక్కడి ప్రతి రైతునూ పేరు పెట్టి పిలుస్తారు. నాతో ఇంతవరకూ ఒక్క కఠినమైన మాట అనలేదు. ఈరోజు కూడా అనలేదు.

కంప్యూటరు నా వైపు తిప్పారు. సెప్టెంబరు 5 నాటి నాలుగు ఫోటోలు. ఒక్కో ఫోటో కింద అది తీసిన చోటు పడి ఉంది. నాలుగూ ఒకే చోటు.

"నేను ఈ రోజు చూసింది కాదమ్మా ఇది. ఫలితం వచ్చిన రోజే చూసినా. సెప్టెంబర్లో చూడకుండా ఓకే కొట్టినందుకు నన్ను నేను తిట్టుకున్నా. అందుకే కూలీలని రాసినా, నీకోసం, నాకోసం. వాళ్లకు ఈ కంపెనీ కాకపోతే ఇంకోటి దొరుకుతాది. నీకు ఇది పోతే మళ్లీ వస్తాదా?"

వాళ్లకు వేరే కంపెనీలు కూడా పని ఇవ్వడం లేదట సార్ అన్నాను. రెండు నెలలు పోతే అందరూ మర్చిపోతారన్నారు. తర్వాత నా వీసా అపాయింట్‌మెంటు ఎప్పుడని అడిగారు. మార్చి 18, హైదరాబాదు అని చెప్పాను. ఆ రోజు సెలవు తీసుకో, నేను మంజూరు చేస్తా అన్నారు.

థాంక్యూ సార్ అని బయటికి వచ్చాను. థాంక్యూ అన్నాను.

మార్చి 8, శనివారం

ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఎందుకు పోతున్నానో ఇంట్లో చెప్పలేదు. బస్టాండులో దిగి, ఆటోలో చేను దాకా వెళ్లాను. దాదా ఖలందర్ గారు ఎండిన పత్తికట్టె పీకి కుప్ప వేస్తున్నారు. నన్ను చూసి వేప చెట్టు నీడకు వచ్చి, కుండలో నీళ్లున్నాయి ముంచుకొమ్మన్నారు. తనకు రోజా అట, రంజాన్ ఉపవాసం. నేనూ తాగలేదు.

"ఫోను ఎత్తవేంది తల్లీ" అన్నారు.

బస్సులో అనుకున్న మాటలన్నీ పోయాయి. ఆ రోజు నేను పడమటి గట్టుకు పోలేదు అన్నాను.

"తెలుసు. నేను ఈడ్నే ఉంటిని గదా."

మరి ఆఫీసులో చెప్పలేదా అని అడిగాను. చెప్పారట. నోటిమాట చెల్లదని సార్ అన్నారట. కాసేపు ఆయన అరచేతిలో గుచ్చుకున్న పుల్ల తీసుకుంటూ ఉండిపోయారు.

"నువ్వు పత్తి ఉండాదని రాసింటే ఆ పక్క పది సాళ్లు వదిలేసి తక్కింది ఇచ్చింటాను. నాది కూడా తప్పుండాది. అక్బర్ పత్తి నా కండ్ల ఎదురుగానే పూసింది. ఆఫీసరమ్మే సరే అని రాసినాక నాకెందుకులే అనుకుంటి. నా పంట పోతే పోయింది, ఆ తప్పు మన ఇద్దరిదీ. ఆడోళ్లను దొంగలను చేసినారు సూడు, దానికేం చేస్తావు?"

కంపెనీకి రాస్తాను అన్నాను.

"ఉద్యోగం పోతాదా?"

పోవచ్చు అన్నాను. వద్దులే తల్లీ అంటారేమో అనుకున్నాను. ఇది ఇక్కడ రాయకపోతే ఇక ఎక్కడా రాయలేను: ఆయన వద్దంటారనే అంత దూరం పోయానేమో. ఆయన అనలేదు.

"రాయి. సాజిదాకు కూడా నువ్వే చెప్పు. నేను చెప్పను" అన్నారు.

సాజిదా ఇల్లు ఆళ్లగడ్డలోనే, శిల్పాలు చెక్కే షెడ్ల వెనక వీధి. ఆటో అతను అటువైపే తెచ్చాడు. ఉలి చప్పుళ్లు వినిపిస్తున్నాయి. బస్టాండుకు పొమ్మన్నాను. నంద్యాల బస్సు కదలబోతోంది, ఎక్కేశాను.

తర్వాతి బస్సు అరగంటకే ఉంటుంది.

మార్చి 9, ఆదివారం

చర్చికి పోలేదు. అమ్మ ఒక్కతే వెళ్లి వచ్చింది. అన్నం తింటున్నప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను, జొన్న అని నొక్కింది కూడా.

అమ్మ విని, కంచంలో చెయ్యి కడిగేసుకుంది. ఎప్పుడూ అన్నం వదిలే మనిషి కాదు.

"నేను ఎన్ని చేలల్లో వలిసినానో నాకే లెక్క తెల్దు. ఎంతమంది ఆఫీసర్లు వచ్చినారో. గట్టు మీద నిలబడి రాసుకొని పోతాంటే మేము నగుతాంటిమి. నా బిడ్డ ఆఫీసరయితే చేనులోకి దిగుతాదిలే అనుకుంటి."

అంతే అంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. తిట్టినా బాగుండేది. నాయన డ్యూటీ దిగి వచ్చాక అమ్మే చెప్పింది, నేను గదిలో ఉన్నాను. ఆయన గొంతు కాసేపు వినిపించింది, తర్వాత టీవీ పెట్టుకున్నాడు. సౌండు చాలా పెద్దగా పెట్టాడు.

మార్చి 10, సోమవారం

పంపాను. నాణ్యత విభాగం అధిపతికి, ప్రోగ్రాం హెడ్డుకు, ఎలిఫ్ గారికి, సార్‌కు. నాలుగు సార్లు రాశాను. మొదటిసారి రాసినదాంట్లో వాన, బురద, సిగ్నల్, కాల్ టైము అన్నీ ఉన్నాయి. చివరికి పంపినదాంట్లో అవి లేవు. నేను వెళ్లలేదు, రైతు చెప్పినా వెళ్లలేదు, లేని పైరు ఉందని రాశాను, కూలీల తప్పు కాదని తెలిసి కూడా నివేదిక మీద సంతకం పెట్టాను. సార్ అన్న మాటలు రాయలేదు. ఆ ఫోటోలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

సార్ తన గదిలోంచి ఒకసారి బయటికి వచ్చి నన్ను చూశారు. మళ్లీ లోపలికి వెళ్లిపోయారు. మధ్యాహ్నం టీ కూడా తెప్పించుకోలేదు.

మార్చి 11

ఏమీ రాలేదు.

మార్చి 12

విచారణ అయ్యేదాకా ఆఫీసుకు రావద్దని మెయిల్. ట్యాబు, ల్యాప్‌టాప్, ఆఫీసు బండి తాళం అప్పగించాను. సార్ సంతకం పెట్టించుకున్నారు. "చెప్పినా గదమ్మా" అన్నారు, చాలా మెల్లగా. ఆయన మీద కూడా విచారణ ఉంటుందట. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఆయన ముఖం వైపు చూడలేకపోయాను.

మార్చి 13, గురువారం

ఈరోజు ప్రజెంటేషన్ల రోజు. పన్నెండు మంది చెప్పి ఉంటారు. నా పదకొండు స్లైడ్లు ల్యాప్‌టాపుతోపాటే పోయాయి.

సాయంత్రం ఎలిఫ్ గారు నా సొంత ఫోనుకు చేశారు. విచారణ గురించి మాట్లాడకూడదట, మాట్లాడలేదు. ఆరు వారాల్లో కలుస్తామనుకున్నాను అన్నారు. మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా, ఒంటరిగా ఉన్నావా అని అడిగారు. అమ్మ ఉంది అన్నాను. ఫోను పెట్టేయబోతూ, మా అమ్మ పత్తి చేలల్లో కూలికి పోతుంది మేడం, క్రాసింగ్ సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు అన్నాను. ఎందుకు చెప్పానో తెలియదు. అది మొదటి రోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేది లూదియా అన్నారు.

మార్చి 18

ఈరోజు హైదరాబాదులో ఉండాల్సింది. అపాయింట్‌మెంటు రద్దు చేశాను. కమలాక్షమ్మ టీచరు దారిలో కనిపించి ఎప్పుడు ప్రయాణం అని అడిగింది. లేదు టీచర్, ఆగిపోయింది అన్నాను. వీసా ఇవ్వలేదా అంది. అవునని అనడం ఎంత సులువో. నోటి దాకా వచ్చింది. కాదు, నేనే తప్పు చేశాను అన్నాను. టీచరు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఎండగా ఉంది ఇంటికి పొమ్మంది.

మార్చి 21

నిర్ణయం వచ్చింది. ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ. నన్ను ప్రోగ్రాం నుంచి తొలగించారు. నేనే ముందుకొచ్చి చెప్పడాన్ని గుర్తించామని ఒక వాక్యం, అయినా తప్పుడు రికార్డు విషయంలో నియమం మార్చలేమని ఇంకో వాక్యం. తప్పు రైతుది కాదని, ఒప్పందం ప్రకారం ఆయనకు రావాల్సింది ఇస్తామని రాశారు. కూలీల మీద రాసింది వెనక్కి తీసుకున్నారు. సార్‌ను వేరే రాష్ట్రానికి బదిలీ చేశారు.

ఆ వాక్యాన్ని ఆరుసార్లు చదివాను. తొలగించిన వాక్యాన్ని కాదు, గుర్తించామన్న దాన్ని. తర్వాత సిగ్గేసింది.

దాదా ఖలందర్ గారికి ఫోను చేసి చెప్పాను. విన్నారు. సాజిదాకు చెప్పినావా అని అడిగారు. ఆఫీసు వాళ్లు చెబుతారు అన్నాను. ఆయన ఫోను పెట్టేశారు.

మార్చి 24, సోమవారం

పొద్దున పదింటికి తలుపు కొట్టారు. సాజిదా, షంషాద్, ఇంకో ఇద్దరు. మొదటి బస్సుకు వచ్చారట. అమ్మ పనికి పోలేదు, చాప వేసింది. రోజాలో ఉన్నారు, మంచినీళ్లు కూడా ఇవ్వడానికి లేదు. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

"మా ఇంటికి వస్తావని మాత్రం ఖలందరన్న చెప్పినాడు. పదహైదు దినాలు చూస్తిమి. రాలేదు. అందుకే మేమే వస్తిమి" అంది సాజిదా.

క్షమించమని అడిగాను. ఆమె వచ్చిన పని చెప్పింది. కంపెనీ వాళ్లు ఫోనులో తప్పు మీది కాదన్నారట, ఆ ఇంగ్లీషు మెయిల్ షంషాద్ ఫోనుకు పంపారట. పని అడగడానికి పోయిన చోటల్లా అది చూపిస్తే, ఇదేందో మాకు తెల్దు పోండి అంటున్నారట. చెడ్డమాట ఊరూరా తెలుగులోనే తిరిగింది, మంచిమాట మాత్రం ఇంగ్లీషులో వచ్చింది. ఉగాది ఇంకా ఆరు రోజులే ఉంది.

"కాగితం రాసీయల్ల. తెలుగులో. అందరికీ కలిపి ఒకటి వద్దు, ఎవరిది వాళ్ల దగ్గర ఉండల్ల. పదహారు."

తెల్లకాగితాలు తెచ్చుకుని చాప మీద కూర్చున్నాను. షంషాద్ పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. మొదటిది సాజిదాది. దాదా ఖలందర్ చేనులో ఈమె చేసిన పనిలో ఏ తప్పూ లేదు, పక్క చేను పత్తి కలవడం వల్ల విత్తనం చెడిపోయింది అని రాశాను. కింద లూదియా అని సంతకం పెట్టి ఇచ్చాను.

సాజిదాకు చదవడం రాదు. షంషాద్ చేత పైకి చదివించుకుంది. విని, కాగితం నాకే తిరిగి ఇచ్చింది.

"లూదియా అంటే ఎవరని అడిగితే ఏం చెప్పల్ల? నువ్వు ఎవరో రాయి."

పెన్ను పట్టుకుని ఆలోచించాను. ట్రైనీ అని రాయడానికి లేదు. మాజీ ట్రైనీ అంటే వీళ్లకు ఉపయోగం లేదు. హన్నమ్మ కూతురు అని రాయొచ్చు. ఆ పేరు ఈ పనిలో ఉన్న అందరికీ తెలుసు. అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూడటం లేదు.

ఏమని రాయమంటావు సాజిదమ్మా అన్నాను.

ఆమెకు ఆలోచించే పని లేకపోయింది. "పడమటి గట్టుకు పోకుండానే పోయినానని రాసినామె, అని రాయి."

మిగతా ఇద్దరు ఆడవాళ్లు తల దించుకున్నారు. నేను రాశాను. లూదియా, దాదా ఖలందర్ చేను తనిఖీకి వచ్చి, పడమటి గట్టుకు పోకుండానే పోయానని రాసిన ఆఫీసరు. తర్వాత రెండోది తీసుకున్నాను. ఐదో కాగితం దాకా ఆ వరుస దగ్గరికి రాగానే చెయ్యి ఆగేది. తర్వాత ఆగలేదు. తొమ్మిదోదానికి అమ్మ వచ్చి పక్కన కూర్చుని, రాసినవి ఒక్కొక్కటీ తీసి సిరా ఆరేదాకా పట్టుకుని షంషాద్‌కు అందించింది.

పదహారూ అయ్యేసరికి ఒంటిగంట అయింది. సాజిదా తన కాగితం మళ్లీ చదివించుకుంది, అక్షరం పోకుండా విన్నది. నాలుగు మడతలు పెట్టి సంచి అడుగున పెట్టుకుని, "సరే" అంది. గుమ్మం దిగాక, ఆళ్లగడ్డ బస్సు ఎన్నింటికని నన్నే అడిగింది.